పాల కేంద్రానికి చోటు, పనివారికి చదువు

పశువులూ మేతా ఉంటే పాల వ్యాపారం దానంతట అదే పెరుగుతుందని కొందరు అనుకుంటారు. వాటికి తోడు అనువైన చోటు, పని నేర్చిన మనుషులు కూడా కావాలి. గుజరాత్‌లోని ఆనంద్ ఇందుకు మంచి నిదర్శనం.

1946లో ఖేడా జిల్లా పాల సహకార యూనియన్ రెండు గ్రామ సంఘాలతో, రోజుకు సుమారు 250 లీటర్ల పాలతో మొదలయింది. ఆనంద్ బొంబాయికి 400 కిలోమీటర్లకు పైగా దూరమైనా, రైలు మార్గం మీద ఉన్నందున పాలు ఆ నగరానికి చేరేవి. అయితే ఆ రైలు అంతకు ముందూ ఉన్నదే; లాభం మాత్రం మధ్యవర్తులకు పోయేది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన రైతులు ఏకమైన తరువాతే ఆ లాభం రైతు ఇంటికి చేరింది.

చలికాలంలో పాలు పొంగిపొరలి, కొనేవారు చాలక ఇబ్బంది అయ్యేది. గేదె పాలను పొడి చేయటం సాధ్యం కాదని విదేశీ నిపుణులు అన్న రోజులవి. 1949లో ఆనంద్‌కు వచ్చిన ఇంజనీరు వర్గీస్ కురియన్ సహచరుడు హెచ్.ఎం. దలాయా ఆ పని సాధించారు. 1955లో కర్మాగారం ప్రారంభమై, మిగులు పాలకు దారి దొరికింది. చోటు ఇచ్చిన అవకాశాన్ని చదువు నిలబెట్టింది.

మన గ్రామ సంఘానికీ ఇదే వర్తిస్తుంది. పాల కేంద్రం వానాకాలంలో కూడా లారీ రాగల బాట పక్కన ఉండాలి. నీడ, మంచి నీరు, మురుగు పోయే వీలు ఉండాలి. పిండిన పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు పులుస్తాయి. లారీ బురదలో దిగబడితే ఆ నష్టం సభ్యులదే.

ఇక పరీక్ష. పాలను బాగా కలపకుండా నమూనా తీస్తే వెన్న శాతం తప్పుగా వస్తుంది. 7 శాతం ఉన్న పాలకు 6.5 అని నమోదయిందనుకుందాం. పూటకు 5 కిలోల పాలు పోసే రైతు రోజుకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర వెన్న ధర కోల్పోతాడు. ఎక్కువ నమోదయితే సంఘమే నష్టపోతుంది. యంత్రం ఎంత కొత్తదైనా, దానిని కడిగి సరిచూసుకోవటం తెలిసిన మనిషి ఉండాలి.

కనుక పరీక్షకుని నియామకంలో బంధుత్వం చూడక పనితనం చూడండి. కార్యదర్శిని, పరీక్షకుని శిక్షణకు పంపే ఖర్చును సర్వసభ్య సమావేశంలో ఆమోదించండి. అది వృథా ఖర్చు కాదు, మీ పాలకు మీరు పెట్టుకునే కాపలా అని మేము మనవి చేస్తున్నాము.