‘హార్డ్’ అనబోయి ‘హార్డ్‌లీ’ అంటే అర్థమే తిరగబడుతుంది!

డిగ్రీ పాసైన ఓ అబ్బాయి ఉద్యోగం దరఖాస్తులో ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ బై హార్డ్‌లీ వర్కింగ్’ అని రాశాడనుకోండి. కష్టపడి చదివానని చెప్పాలన్నది అతని ఉద్దేశం. చదివే ఆఫీసర్‌కు మాత్రం ‘పెద్దగా కష్టపడకుండానే పూర్తి చేశాను’ అని అర్థమవుతుంది. ఒక్క మాటతో పని చెడిపోయినట్టే.

ఇంగ్లీషులో బై, ఫర్, వితౌట్, ఆఫ్టర్, ఇన్‌స్టెడ్ ఆఫ్ లాంటి ప్రిపోజిషన్ల తర్వాత క్రియ వస్తే దాని చివర ‘ఇంగ్’ చేరుతుంది. దీన్ని జెరండ్ అంటారు. పని ఎలా జరిగిందో చెప్పే మాట అడ్వెర్బ్, అంటే క్రియా విశేషణం. ఈ రెండూ కలిసే చోటే చాలామంది పిల్లలు తడబడతారు. కేర్‌ఫుల్ అనాలా, కేర్‌ఫుల్లీ అనాలా? ముందు పెట్టాలా, వెనక పెట్టాలా?

జవాబు ఇంటి భాషలోనే ఉంది

తెలుగులో ‘ప్రశ్నను జాగ్రత్తగా చదవడం’ అంటారు. ‘జాగ్రత్తయిన చదవడం’ అని ఎవరూ అనరు. ఉర్దూలోనూ ‘సవాల్ కో గౌర్ సే పఢ్‌నా’ అనే మాట. చదవడం పైకి నామవాచకంలా ఉన్నా లోపల క్రియే. అందుకే దానికి ‘గా’ చేరిన మాటే కుదురుతుంది. ఇంగ్లీషు జెరండ్ కూడా అంతే. ‘బై కేర్‌ఫుల్లీ రీడింగ్ ద క్వశ్చన్’ అన్నది ఒప్పు. ‘బై కేర్‌ఫుల్ రీడింగ్ ద క్వశ్చన్’ తప్పు.

అయితే ముందు ‘ఎ’ లేదా ‘ద’, వెనక ‘ఆఫ్’ వస్తే లెక్క మారుతుంది. ‘బై ఎ కేర్‌ఫుల్ రీడింగ్ ఆఫ్ ద క్వశ్చన్’ అనాలి. అక్కడ రీడింగ్ పూర్తిగా నామవాచకం అయిపోయింది కాబట్టి ‘లీ’ అక్కర్లేదు. ‘చక్కగా పాడటం’, ‘చక్కని పాట’ మధ్య ఉన్న తేడాయే ఇది.

ఏ చోట పెట్టాలి?

కేర్‌ఫుల్లీ లాంటి మాటకు రెండు చోట్లు ఉన్నాయి. జెరండ్‌కు ముందు పెట్టొచ్చు, లేదా చివర్లో ‘బై రీడింగ్ ద క్వశ్చన్ కేర్‌ఫుల్లీ’ అనొచ్చు. మధ్యలో ఇరికించి ‘బై రీడింగ్ కేర్‌ఫుల్లీ ద క్వశ్చన్’ అంటే అతకదు.

చోటు మారితే అర్థం కూడా మారొచ్చు. ‘హి వజ్ ప్రెయిజ్డ్ ఫర్ క్విక్‌లీ రిప్లయింగ్’ అంటే త్వరగా జవాబిచ్చినందుకు మెచ్చుకున్నారని. ‘హి వజ్ క్విక్‌లీ ప్రెయిజ్డ్ ఫర్ రిప్లయింగ్’ అంటే జవాబిచ్చినందుకు వెంటనే మెచ్చుకున్నారని.

వెనకే వచ్చే మాటలు

హార్డ్, ఫాస్ట్, లేట్ అనేవి ‘లీ’ లేకుండానే అడ్వెర్బులు. ఇవి జెరండ్ తర్వాతే వస్తాయి: ‘బై వర్కింగ్ హార్డ్’, ‘ఫర్ కమింగ్ లేట్’. ‘బై ప్రిపేరింగ్ వెల్’ కూడా ఇలాంటిదే. వీటికి ‘లీ’ తగిలిస్తే చిక్కే. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే, లేట్‌లీ అంటే ఈమధ్య. ఫాస్ట్‌లీ అనే మాట వాడుకలోనే లేదు.

కాదు అని చెప్పే ‘నాట్’ మాత్రం ముందే రావాలి. బడికి రాసే చీటీలో ‘సారీ ఫర్ నాట్ అటెండింగ్ ద క్లాస్’ అనడం సరైన పద్ధతి.

దరఖాస్తు పంపే ముందు ‘ఇంగ్’ ఉన్న ప్రతి మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, అదే వాక్యాన్ని తెలుగులోనో ఉర్దూలోనో అనుకుంటే చాలు. ‘గా’ లేదా ‘సే’ పలికితే అక్కడ కావాల్సింది అడ్వెర్బే. ఆ అబ్బాయి వాక్యం ఇలా ఉండాల్సింది: ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ బై వర్కింగ్ హార్డ్.’