పిగిలిపిట్టకు దిగుల్లేదు, సర్పగంధకే గండం

టమాటా చేలో, జామతోటలో పండుకు బొక్క పెట్టే పిగిలిపిట్టను ఎరగని రైతు ఉండడు. తలమీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ. సర్పగంధ సంగతి అలా కాదు. పేరు విన్నవాళ్లే గాని మొక్కను చూసినవాళ్లు తక్కువ. రెండు మూడడుగుల పొద ఇది. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రటి కాడలపై తెల్లని పూలగుత్తులు, పండితే నల్లబడే చిన్న కాయలు. దీన్ని పాతాళగంధి అని కూడా అంటారు.

పిట్ట ఊళ్లో మనమధ్యే బతికేస్తుంటే, మొక్క అడవిలో కూడా ఎందుకు నిలవలేకపోతోంది?

పిట్టకు ఫలానాదే కావాలన్న పట్టింపు లేదు. పండు దొరక్కపోతే పురుగు. గూటికి కంచె పొద చాలు. రెండు మూడు గుడ్లు పెట్టి సుమారు 14 రోజుల్లో పొదుగుతుంది. గూడు చెడితే మళ్లీ కడుతుంది. పండ్లు పాడుచేస్తుందని కోపం సహజమే గాని, గూట్లో పిల్లలకు అది మేపేది ఎక్కువగా పురుగులనే. పైగా పిట్టల్ని పట్టడం, చంపడం చట్టరీత్యా నేరం. పండ్లకు వల కప్పుకోవడం మేలు.

సర్పగంధ విలువంతా వేరులోనే ఉంది. వేరు తవ్వితే మొక్క చచ్చినట్టే. 1952లో ఈ వేరు నుంచి రక్తపోటు మందు రిసర్పిన్‌ను వేరుచేశాక గిరాకీ విపరీతంగా పెరిగింది. కాయ పండేదాకా ఆగకుండా తవ్వేస్తే ఇక విత్తనం ఎక్కడిది? ఉన్న గింజల్లోనూ తాలు ఎక్కువ, మొలక తక్కువ. 1990 నుంచి దీని విదేశీ వ్యాపారంపై అంతర్జాతీయ నియంత్రణ ఉంది.

కనుక అడవి మొక్కను పీకవద్దు, కేసు కూడా అవుతుంది. సాగు చేయదలిస్తే నమ్మకమైన నర్సరీ నారు తెచ్చుకోండి, రశీదు దాచుకోండి. వేరు ముక్కలతోనూ మొక్కలు లేస్తాయి. నీరు నిలవని నేల కావాలి. వేరు తవ్వకానికి కనీసం ఏడాదిన్నర పడుతుంది. ఆకు రాలే చలికాలంలో తవ్వితే మందు సారం ఎక్కువ. అన్నిటికంటే ముందు కొనేవాణ్ణి చూసుకోండి, నాటాక వెతికితే దళారి చెప్పిందే ధర. ఇంకొక మాట: బీపీకి మంచిదని ఈ వేరును ఇంట్లో నూరి తాగవద్దు. మోతాదు మించితే బీపీ మరీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.