పాలతాలికలు ఎందుకు విడిపోవును?

ఇటలీవారి పాస్తా, మన పాలతాలికలు ఒక జాతివే. రెండును పిండిని తడిపి, పొడవుగా చేసి, ఉడికించు వంటకములు. కాని పాస్తాపిండిని చన్నీళ్ళతో కలిపినను చాలును. తాలికలపిండికి మరుగునీరే కావలెను. వినాయకచవితికి ఇంటివారికి తానే వండిపెట్టవలెనని చన్నీళ్ళతో కలిపిన విద్యార్థికి చివరకు మిగులునది జావయే.

గోధుమపిండిలో గ్లూటెన్ అను మాంసకృత్తు సాగెడు వలవలె అల్లుకొని పిండిని పట్టియుంచును. పత్తి, మిరప పండు చిలకలూరిపేట నల్లరేగళ్ళలో గోధుమ అరుదు. ఇంట నుండునది బియ్యము. బియ్యములో గ్లూటెన్ లేదు. కనుక పిండిపదార్థమే జిగురు కావలెను. దాని రేణువులు సుమారు 60–80 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నీరు పీల్చి, ఉబ్బి, జిగటపడును.

నలుగురికి ఒక గ్లాసు నీరు మరిగించి, చిటికెడు ఉప్పు, గ్లాసు బియ్యపుపిండి వేసి కలిపి, దించి మూతపెట్టుడు. గోరువెచ్చగా నుండగనే బాగుగా మర్దించి, పీటపై అరచేతితో సన్నగా దొర్లించుడు. మిగిలిన ముద్దపై తడిగుడ్డ కప్పనిచో బీటలువారును. లీటరు పాలు మరుగుచుండగా తాలికలను కొద్దికొద్దిగా వేయుడు. అవి గట్టిపడువరకు గరిట పెట్టరాదు. తొందరపడువారు ఇక్కడనే చెడగొట్టుదురు.

బెల్లములోని కొద్దిపాటి ఆమ్లము మరుగుపాలలోని కేసీన్‌ను గడ్డకట్టించి పాలను విరుగజేయవచ్చును. కావున పాలు దించి చల్లారిన తరువాతనే, కరగించి వడకట్టిన బెల్లము కలుపుడు.

ఉపాధ్యాయులు తరగతిలో వేడినీటి తాలికను, చన్నీటి తాలికను ఒకే గిన్నెడు మరుగునీటిలో వేసి చూపవచ్చును. మూడవది గోధుమపిండితో, చన్నీళ్ళతోనే చేసి వేయుడు.