పాట ఆపినా వాల్వు ఆంప్లిఫైయర్ గుయ్‌మంటుందెందుకు?

పాట ఆగిపోయినా కొన్ని వాల్వు ఆంప్లిఫైయర్ల స్పీకర్లోంచి సన్నగా మోత వస్తూనే ఉంటుంది. ఎక్కడిదది? గోడలోని ప్లగ్గుదే! మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే ఏసీ. వాల్వులకేమో నిలకడైన డీసీ కావాలి, అదీ చాలావాటిలో 250–300 వోల్టులు. రెక్టిఫైయర్ ఏసీని ఒకే దిశకు మళ్లిస్తుంది కానీ, అందులో సెకనుకు 100 అలలు మిగిలిపోతాయి. వాటిని చదును చేసేవి పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి లోపలి తడి ఆరిపోతుంది. ఇక అలలు స్పీకర్ దాకా వచ్చేస్తాయి.

మొదటి పరీక్ష చాలా తేలిక. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వినండి. మోత అలాగే ఉంటే పవర్ సప్లయినో, అవుట్‌పుట్ వాల్వులనో అనుమానించాలి. మోత కూడా తగ్గితే అది నాబ్‌కు ముందే చేరుతోందన్నమాట: పాడైన కేబులు, సరిగా లేని ఎర్త్, లేదా మొదటి వాల్వు. ఆ వాల్వు లోపల ఎర్రగా వెలిగే హీటర్‌కు సాధారణంగా 6.3 వోల్టుల ఏసీ ఇస్తారు. అది పక్కనున్న కాథోడ్‌లోకి కాస్త లీకైనా చాలు, మోత మొదలు.

వాల్వు మార్చేటప్పుడు పిన్నులు సరిపోతే చాలనుకోకూడదు. ఈసీసీ83, ఈసీసీ82 అనే వాల్వులు ఒకే సాకెట్లో కూర్చుంటాయి. కానీ మొదటిదాని ఆంప్లిఫికేషన్ దాదాపు 100 రెట్లు, రెండోదానిది 20 లోపే. రెండు వాల్వులు జతగా పనిచేసే పుష్‌పుల్ అవుట్‌పుట్‌లోనైతే రెండూ సమానంగా కరెంటు తీసుకోవాలి. అప్పుడే రెండు వైపుల మోతా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. అందుకే మ్యాచ్ చేసిన జతను కొనాలి.

మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి ఉండిపోవచ్చు. ఆ పని అనుభవమున్న మెకానిక్‌దే.