వార్తల్లో పదం: ఎల్‌సీ3

కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి తయారుచేసే సిమెంటును ఎల్‌సీ3 అంటారు. కాలుష్యం తక్కువగా ఉండే నిర్మాణ సామగ్రి వార్తల్లో ఈ పేరు తరచూ కనిపిస్తోంది.

మామూలు సిమెంటుకు ప్రాణం క్లింకర్. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి దాన్ని తీస్తారు. బొగ్గు మంట నుంచే కాదు, రాయిలోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం మార్చినా ఈ రెండోది ఆగదు, అసలు చిక్కు అదే. ఎల్‌సీ3లో క్లింకర్ దాదాపు సగమే. మిగతాది 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం. మట్టికి 700–850 డిగ్రీలు చాలు. ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయని అంచనా.

మరి మార్కెట్‌లో నిలుస్తుందా? తేల్చేది ముందుగా మట్టే. అందులో కయోలినైట్ అనే ఖనిజం 40 శాతమైనా ఉండాలి, గని ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉండాలి. దూరం పెరిగితే లారీ కిరాయే లాభాన్ని మింగేస్తుంది. ఇనుము ఉన్న మట్టి కాలితే సిమెంటు ఎర్రబారుతుంది. బూడిద రంగుకు అలవాటుపడ్డ మేస్త్రి బస్తా విప్పగానే అనుమానపడతాడు, బలానికి రంగుతో సంబంధం లేకపోయినా. పల్నాడు, సూర్యాపేట, కడప వంటి సిమెంటు ప్రాంతాలకూ ఈ లెక్కలే వర్తిస్తాయి. ఈ రకం సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 ప్రమాణం వచ్చింది, కొనేవారు బస్తాపై చూడాల్సిన నంబరు అదే.