మసాయా ఫాదర్‌కు మయామీ పీఠం

ఆశ్రయం కోరే మతగురువుల గురించి రాయడానికి చట్టాలూ లెక్కలూ చాలానే తిరగేశాను. నన్ను కదలనివ్వనిది మాత్రం ఒక కేసు. 2019 నవంబరులో నికరాగువాలో డజనుకు పైగా యువతీ యువకుల మీద పెట్టిన కేసు అది. చర్చిలో చిక్కుకున్నవాళ్లకు వాళ్లు మంచినీళ్లు మోసుకెళ్లారు. పోలీసులు మోపిన నేరం ఆయుధాల రవాణా.

ఊరు మసాయా. చర్చి పేరు శాన్ మిగెల్. క్రిస్మస్‌లోగా తమ బిడ్డల్ని విడిచిపెట్టాలంటూ రాజకీయ ఖైదీల తల్లులు కొందరు నవంబరు 14న అక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. విచారణ గురువు ఫాదర్ ఎడ్విన్ రోమన్ వాళ్లకు తలుపులు తీశారు, తానూ లోపలే ఉండిపోయారు. పోలీసులు చుట్టూ మోహరించారు. కరెంటు తీసేశారు, కుళాయి బంద్ చేశారు. తిండి మానుకుని కూర్చున్నవాళ్లకు నీళ్లు కూడా లేకపోతే ఎన్నాళ్లు బతుకుతారు? పైగా ఫాదర్‌కు షుగర్ జబ్బు. దీక్ష మొదలైన రాత్రే సీసాలతో నీళ్లు తెచ్చిన పిల్లలు అరెస్టయ్యారు. తొమ్మిదో రోజున రెడ్‌క్రాస్ సాయంతో లోపలివాళ్లను ఆసుపత్రికి తరలించారు. నీళ్లు తెచ్చినవాళ్లు మాత్రం డిసెంబరు 30 దాకా జైల్లోనే ఉన్నారు.

అంతకు ముందు ఏడాది, 2018 నిరసనల మీద జరిగిన కాల్పుల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టింది కూడా ఈ ఫాదర్ ఇంట్లోనే. పాలక సాండినిస్టా పార్టీ ఎవరి పేరు మోస్తోందో ఆ అగస్టో సాండినోకు ఆయన వరసకు మనవడు. ఆ చుట్టరికం ఆయన్ని కాపాడలేదు.

నేపథ్యం క్లుప్తంగా: 1979 విప్లవ నాయకుడు డేనియల్ ఒర్తెగా 2007 నుంచి మళ్లీ గద్దె మీదే ఉన్నాడు. 2018 ఏప్రిల్‌లో పింఛన్ల కోతపై జనం వీధికెక్కితే మూడు వందల మందికి పైగా చనిపోయారు. మధ్యవర్తిగా నిలబడ్డ చర్చి శత్రువైపోయింది. 2022లో పోప్ రాయబారిని వెళ్లగొట్టారు. దేశం విడిచే విమానం ఎక్కనన్న బిషప్ రొలాందో అల్వరెస్‌కు 2023 ఫిబ్రవరిలో 26 ఏళ్ల శిక్ష వేశారు. ఆయన్ని 2024 జనవరిలో రోమ్ పంపేశారు.

ఫాదర్ రోమన్ 2021లో అమెరికా వెళ్లారు. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. అలా ఆగిపోయిన మనిషిని చేరదీసింది మయామీ పడమటి అంచున ఉన్న సెయింట్ అగాథా విచారణ. ఆ చుట్టుపక్కల నికరాగువా కుటుంబాలు ఎక్కువ. ప్రాణహాని ఉందన్న సమాచారంతో పోప్ ఫ్రాన్సిస్ మాట మీద 2019లో దేశం వదిలిన మనాగువా సహాయ బిషప్ సిల్వియో బాయెస్ కూడా అక్కడే ఆదివారం పూజ చేస్తూ వచ్చారు. ఇంటర్నెట్‌లో ఆ ప్రసంగాలు నికరాగువా ఇళ్లలోకి వెళ్లాయి. అక్కడ వీధుల్లో నిషేధించిన ఊరేగింపులు ఇక్కడ జరిగాయి.

స్వాగతం అనగానే మనకు దండలూ శాలువాలూ గుర్తొస్తాయి. అగాథా విచారణ ఫాదర్ రోమన్‌కు పని ఇచ్చింది. సహాయ గురువుగా తీసుకుని పూజకు పీఠమూ, బాగోగులు చూసుకోవడానికి జనాన్నీ ఇచ్చింది. ఊరు పోగొట్టుకున్న గురువుకు ఇంతకు మించిన మేలు ఏదీ లేదని నా నమ్మకం.

2023 ఫిబ్రవరి 15న మనాగువా కోర్టు 94 మందిని దేశద్రోహులని ప్రకటించి పౌరసత్వం రద్దు చేసింది, ఆస్తులు జప్తు చేయమంది. ఆ జాబితాలో బాయెస్ పేరుంది, రోమన్ పేరుంది. అండగా నిలిచిన జనం కాగితాలు మాత్రం గట్టివా? 2023 నుంచి, తాత్కాలికంగా దేశంలోకి రానిచ్చే పెరోల్ పథకం కింద వచ్చిన నికరాగువా వాళ్ల అనుమతులను 2025లో అమెరికా రద్దు చేసింది. నిలువ నీడ ఇచ్చినవాళ్లలోనే ఎందరికో నీడ కరవైంది.

మదర్ థెరిసా సిస్టర్లు
2022 జూన్‌లో నికరాగువా మన కోల్‌కతాలో పుట్టిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీని కూడా మూసేసింది. జులైలో 18 మంది సిస్టర్లను సరిహద్దు దాటించి కోస్టారికా పంపింది.

కాగితాల సంగతి
అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోగా ఆశ్రయానికి దరఖాస్తు పెట్టుకోవాలి, మినహాయింపులు తక్కువ. మతగురువులకిచ్చే ఆర్-1 వీసా గడువు గరిష్ఠంగా అయిదేళ్లు. తెలుగు మేత్రాసనాల నుంచి వెళ్లిన ఫాదర్లు కూడా ఈ వీసా మీద పనిచేస్తున్నారు. గడువు తీరితే వాళ్లు ఇంటికి రాగలరు.

అమెరికాలోని తెలుగు కథోలిక కుటుంబాలకు ఒక మనవి. మీ విచారణలోకి దేశం పోగొట్టుకున్న ఫాదర్ ఎవరైనా వస్తే భోజనానికి పిలవండి, మంచిదే. అంతకంటే ముందు దరఖాస్తు గడువు ఎప్పుడో, లాయరు ఫీజు ఎవరు కడుతున్నారో అడగండి.