చక్రమును నిలుపు కొలత

దశరథుని రథమునకు యుద్ధమధ్యమున ఇరుసు సీల ఊడిపోగా, కైకేయి తన వ్రేలిని అడ్డుపెట్టి చక్రమును నిలిపినదని లోకమున ఒక కథ కలదు. చిన్న ఇనుపముక్కపై రాజు ప్రాణమెంతగా ఆధారపడి యుండెనో ఆ కథ తెలుపుచున్నది. నేటి కారుకు సీల లేదు. ఒక్కొక్క చక్రమునకు నాలుగో, ఐదో నట్లుండును. కొన్నిటికి నట్లకు మారుగా బోల్టులుండును. అవి వదులైనచో అడ్డుపెట్టుటకు ఎవరి వ్రేలును చాలదు. వానిని బిగించిన చేయి ఎవరిదో ప్రయాణికులెరుగరు.

విజయవాడ ఆటోనగరులో గాని, చిన్న ఊరి కూడలిలోని షెడ్డులో గాని పని నేర్చి, సొంతముగా నిలువదలచిన యువకునికి మొదట ఎదురగు ప్రశ్న పనిముట్లది. చేతిలో సొమ్ము తక్కువ, అంగడిలో వస్తువులెక్కువ. గాలితో తిరుగు గన్నుపైననే వాని చూపు నిలుచును. అది నట్లను క్షణములో ఊడదీయును, క్షణములో బిగించును. కాని దానిని నడుపుటకు కంప్రెసరు కావలెను. సాధారణపు గన్ను ఎంత బిగించినదో తాను చెప్పదు. కొత్త మెకానిక్కు మొదట కొనవలసినది బలము కాదు, కొలత.

ఇందుకు కారణము నట్టు పనిచేయు తీరులోనే యున్నది. నట్టును త్రిప్పినపుడు బోల్టు వెంట్రుకవాసి సాగును. అట్లు సాగినది స్ప్రింగువలె వెనుకకు లాగుచు చక్రమును హబ్బునకు అదిమిపట్టును. చక్రము నిలుచుట ఈ అదుముడు వలననే. బిగువు చాలనిచో చక్రము కదలాడి నట్టును మరింత వదులుచేయును. బిగువు మితిమీరినచో బోల్టు సాగి తిరిగి యథాస్థితికి రాదు; మరలు చెడును; ఒక్కొక్కప్పుడు తెగిపోవును. బ్రేకు డిస్కు వంకరపోవుటకును అది కారణము కావచ్చును. నడిరాత్రి దారిలో స్టెప్నీ మార్చుకొనబోయిన వానికి ఆ నట్టు ఊడిరాదు. వదులు మాత్రమే దోషమనియు, బిగువెంతైనను మేలేయనియు తలచుట పొరపాటు.

చిన్న కార్ల చక్రపు నట్లకు సాధారణముగా 85 మొదలు 120 న్యూటన్ మీటర్ల వరకు బిగువు చెప్పుదురు. సరియైన అంకె ఆ కారుతో వచ్చిన పుస్తకమున నుండును. అర మీటరు పొడవుగల పానా చివరను 20 కిలోల బరువుతో నొక్కినచో సుమారు 98 న్యూటన్ మీటర్లగును. 70 కిలోల మనిషి అదే పానాపై ఎక్కి నిలిచినచో సుమారు 343 అగును. అనగా మూడున్నర రెట్లు! పానాకు ఇనుపగొట్టము తొడిగి లాగుటయు ఇట్టిదే. చేయి తనంతట తాను లెక్క కట్టలేదు. ఉదయపు చేయి ఒక తీరు, అలసిన సాయంకాలపు చేయి వేరొక తీరు.

కావున కొనుగోలును రెండు భాగములుగా తలచుట మంచిది. ఊడదీయుటకు చౌకవస్తువు చాలును. కొన్ని వందల రూపాయలకు దొరకు ప్లస్సు పానా గాని, సాకెట్టు తొడిగిన పొడవైన కడ్డీ గాని ఆ పని చేయును. 17, 19, 21 మిల్లీమీటర్ల సాకెట్లు చాల కార్లకు సరిపోవును. ఆరు మూలల సాకెట్టు నట్టును గట్టిగా పట్టును. పన్నెండు మూలలది మొండినట్టుపై జారి దాని అంచులను అరగదీయవచ్చును. చేతిపనిముట్లకు పేరొందిన జలంధరు వంటి పట్టణములనుండి మనదేశపు సరుకే వచ్చుచున్నది. క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసినదైనచో చాలకాలము నిలుచును.

మిగిలిన సొమ్మును బిగించుటకై టార్కు రెంచిపై పెట్టవలెను. అందు సూది రకము మిక్కిలి సరళమైనది. కాడ వంగినకొలది సూది అంకెలపై జరుగును. చెడిపోవుటకు అందులో భాగములు తక్కువ. వెలయు తక్కువే. కాని వంగి, అంకెను నేరుగా చూడవలెను. రెండవది ‘టక్’ మను రకము. కావలసిన అంకెకు త్రిప్పి పెట్టినచో ఆ బిగువు రాగానే శబ్దమిచ్చును. శబ్దము విని ఆపవలెను. మరల లాగినచో కొలత తప్పును. అర అంగుళపు తలతో, 40 నుండి 200 న్యూటన్ మీటర్ల వరకు కొలుచునది చిన్న షెడ్డునకు చాలును. ఐ.ఎస్.ఓ. 6789 ప్రమాణము ఈ రకమునకు 4 శాతము తేడాను అనుమతించుచున్నది. ఆ ప్రమాణమును సూచించు పరీక్షాపత్రము ఉన్నదో లేదో కొనునపుడే చూడవలెను. ఏడాదికొకసారి గాని, 5000 మారులు వాడిన పిమ్మట గాని మరల పరీక్ష చేయించుట మంచిది. పని ముగియగానే అంకెను కనిష్ఠమునకు దింపి స్ప్రింగును సడలించి పెట్టవలెను. మొండినట్టును దీనితో ఊడదీయరాదు. తరాజుతో మేకు కొట్టినవాడు పిమ్మట దేనితో తూచును?

పనిముట్టు మంచిదైనను పద్ధతి తప్పినచో కొలత వ్యర్థము. లాగిన బలములో సుమారు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోవును. అందుచే చక్రము, హబ్బు కలియుచోట తుప్పును మట్టిని గీకివేయవలెను. తయారీదారు చెప్పిననే తప్ప మరలకు నూనె రాయరాదు. రాపిడి తగ్గి అదే అంకెకు బోల్టు అధికముగా సాగును. నట్లను మొదట వ్రేళ్లతో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించవలెను. ఐదు నట్లున్నచో నక్షత్రము గీసిన క్రమమున పోవలెను. జాకీ దింపి చక్రము నేల నానిన తరువాతనే తుది బిగింపు చేయవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల చూపించుకొమ్మని బండివానికి చెప్పిపంపవలెను.

గాలిగన్నును సంపాదన పెరిగిన తరువాత కొనవచ్చును. అప్పుడును అది ఊడదీయుటకు, ఎక్కించుటకు మాత్రమే. తుదిమాట టార్కు రెంచిదే కావలెను. ఒక చక్రముపై రెండు నిమిషములు అధికమగును. ఆ బండిలో పిల్లలను కూర్చుండబెట్టుకొని పోవువారికి ఆ రెండు నిమిషముల సంగతి తెలియదు. తెలియకుండుటయే ఆ పనివాని పని బాగుగా జరిగినదనుటకు గుర్తు.